పైపులో చప్పుడు

జుట్‌ఫెన్‌లో, నది వైపు వీధి చివర
పన్నెండు ధర్మపు ఇళ్లు.
మూడొందల అరవై ఏళ్ల కిందట తోళ్ల వ్యాపారి ఒకడు
పోయేముందు భయమేసి కట్టించాడట.
వాకిలి మీద రాతిలో ఇంకా ఉన్నాయి షరతులు:
వితంతువై ఉండాలి, పేదదై ఉండాలి,
తాగకూడదు, గొంతు పెంచకూడదు.
వారానికో రొట్టె. చలికాలానికి బుట్టెడు బొగ్గు.

నేను వడ్రంగిని. నాకిచ్చిన లెక్క చిన్నదే:
పన్నెండింటిని ఆరు చెయ్యాలి.
తలుపు ఎత్తు నా కనుబొమల దాకా.
ఆ కాలపు ముసలమ్మలు పొట్టివాళ్లా,
పుచ్చుకునేవాళ్లు వంగే లోపలికి రావాలనా?
వారసత్వ కట్టడాల శాఖ అమ్మాయి నవ్వి ఊరుకుంది.
ముందు తలుపు ముట్టుకోవద్దంది.
చక్రాల కుర్చీ వెనకనుంచి రావాలి,
ఒకప్పుడు పెంటకుప్ప ఉన్న వైపునుంచి.

గోడలు కొట్టాను. సున్నం, సున్నంలో ఆవు వెంట్రుకలు,
ఎముకతో చేసిన దువ్వెన,
ఎవరో దాచుకుని మరిచిన మూడు రాగి నాణేలు.
ఏడుకీ ఎనిమిదికీ మధ్య గోడ దగ్గర మాత్రం
అలైదా బ్రింక్‌మన్ వచ్చి నిలబడింది.
ఎనభై నాలుగేళ్లు. ఊరవతల తాత్కాలిక ఫ్లాటునుంచి
బస్సెక్కి వచ్చింది, నా హెల్మెట్ తీసి పెట్టుకుంది.
"ఇక్కడ చూడు."
మంచం ఎత్తున, గచ్చులో చిన్న గుంట,
వేలి కణుపు పట్టేంత.
అవతలికి వెళ్లి చూశాను. అక్కడా ఉంది, కాస్త కిందికి.
పందొమ్మిదేళ్లు, రోజూ ఆరూ నలభైకి
ఈమె రెండు కొడితే ఫోక్యే రెండు కొట్టేది.
ఉన్నాను.
నేనూ ఉన్నాను.
"అంతకు మించి పెద్ద మాటల్లేవు మాకు," అంది.
"ఆవిడ కాఫీ నోట పెట్టలేం."

ఫోక్యే ఆ ఫ్లాట్లోనే పోయింది, మార్చిలో.
నాలుగో అంతస్తు, కాంక్రీటు గోడ.
నేను ఏప్రిల్లో కూల్చాను.
దూలాన్ని మోయడానికి మూరెడు గోడ మిగిల్చాను.
గుంట ఆ మూరెడులో పడలేదు.

ఏడూ ఎనిమిదీ కలిస్తే ఇప్పుడు నాలుగు.
అలైదాకు రెండు గదులు, జారని నేల,
స్నానానికి పట్టుకునే కడ్డీ,
మంచం పక్కన ఎర్ర తాడు. లాగితే
ఎక్కడో ఆర్న్‌హెమ్‌లో ఒక గొంతు పలుకుతుంది.
చీమ చిటుక్కుమంటే పక్కింట్లో తెలిసే ఇళ్లివి;
మిగిలిన గోడలన్నిటికీ రాతి ఉన్ని కుక్కాను.
శబ్దం దాటదని సంతకం పెట్టి హామీ ఇచ్చాను.
అయిదో నంబరులో కొత్తగా చేరినవాడు లియో నోయిత్‌మేర్,
సురినాంలో పుట్టి, రోటర్‌డామ్‌లో ట్రాము నడిపినవాడు.
రాతిమీది షరతుల్ని దాటి వచ్చిన మొదటి మగవాడు.

నవంబరులో మూడో నంబరునుంచి ఫిర్యాదు:
తెల్లారేసరికి వేడినీళ్ల పైపు కొట్టుకుంటోంది, నిద్ర లేదు.
గాలి చేరిందేమో అనుకున్నాను.
ఆరున్నరకే వెళ్లాను. చీకటి, పొగమంచు, చేతిలో రెంచి.
అలైదా తలుపు తీసి,
పెదవుల మీద వేలుంచి, కుర్చీ చూపించింది.
ఆరూ నలభై.
సొరుగులోంచి చెంచా తీసి
రేడియేటర్ కింది రాగి గొట్టం మీద
టంగ్. టంగ్.

వెంటనే రాలేదు జవాబు.
మోకాళ్లు కదా, అక్కడా వంగాలి.
నేను రెంచి ఒళ్లో పెట్టుకున్నాను.
ఆమె గొట్టాన్నే చూస్తోంది, పొంగబోయే పాలని చూసినట్టు.
నా హామీనీ, నా ఉన్నినీ దాటుకుని నేలవెంట వచ్చింది:
టంగ్. టంగ్.
ఆగి, ఇంకొకటి.
"ఆ మూడోదేమిటి?"
"ట్రాము కదిలేముందు గంట కొట్టాలట," అంది,
"అలవాటు పోలేదు పాపం."

ఫారం మీద ఇలా రాశాను:
పైపు పరీక్షించాను. లోపం లేదు.
చప్పుడు ఇకముందు కూడా వస్తుంది.
రాని రోజున నాకు కాదు, డాక్టరుకి ఫోన్ చెయ్యండి.
మూడో నంబరావిడకి చెవుల్లో పెట్టుకునే మైనం ఇప్పించగలరు.
పట్టిన సమయం: ఒక గంట.
సామాను ఖర్చు: ఏమీ లేదు.